మోడల్ వ్యాగన్లన్నీ ఒకే బురద రంగులో వస్తుంటే: వయసు ఏ వరసలో వచ్చిందో పెయింట్ ఆ వరసలో పడాలి

మీ ప్రశ్న మొత్తం చదివాను. హెచ్‌ఓ స్కేల్‌లో (నిజం రైలుని 87 రెట్లు తగ్గించిన మోడల్ సైజు) ఆరు గూడ్స్ వ్యాగన్లు, నాలుగు బొగ్గువి, ఒకటి పైకప్పు ఉన్న మూత వ్యాగన్, ఒకటి ట్యాంకర్, అన్నిటికీ ఒకటే బ్రౌన్ వాష్ (నీళ్ళలా పలుచన చేసిన పెయింట్) పూసి పైన తుప్పు రంగు పౌడర్ రుద్దారు, ఆరూ ఒకేలా బురదలో ముంచి తీసినట్టు వచ్చాయి, పైగా మాట్ (మెరుపు లేని) వార్నిష్ కొట్టగానే పౌడర్ సగం మాయమైపోయింది. ఎయిర్‌బ్రష్ (గాలితో పెయింట్ చిమ్మే చిన్న పనిముట్టు) లేకుండా కుదురుతుందా, డీటెయిల్ పార్టులు (కమ్మీలు, బ్రేకు సామాను లాంటి చిన్న ముక్కలు) పెయింట్‌కి ముందు పెట్టాలా తర్వాతా అని కూడా అడిగారు. అన్నిటికీ చెప్తాను, కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

ముందు అసలు విషయం. మీరు వాడిన పెయింట్లలో తప్పేం లేదు, వేసిన వరసలోనే ఉంది సమస్య. నిజం వ్యాగన్‌కి వయసు ఒక వరసలో వస్తుంది: ఫ్యాక్టరీ రంగు ఎండకి వెలుస్తుంది, వాడకంలో దెబ్బలు తగిలి పెయింట్ లేస్తుంది, లేచిన చోట తుప్పు పడుతుంది, ఆ తుప్పుని వాన కిందకి లాగుతుంది, పట్టాల మీంచి లేచే మురికి కింద భాగమంతా పడుతుంది, ఇవన్నీ అయ్యాక నిన్న మొన్నటి దుమ్ము పైన కూర్చుంటుంది. మనం కూడా ఇదే వరసలో వెళ్ళాలి. మీరు మొదటివన్నీ వదిలేసి చివరి దుమ్ము ఒక్కటే వేశారు, దుమ్ము అన్నిటి మీదా ఒకేలా పడుతుంది కాబట్టి ఆరు వ్యాగన్లూ ఒకేలా కనిపిస్తున్నాయి. ఒక వ్యాగన్‌ని ఇంకోదాన్నించి వేరుచేసేది దాని రంగు ఎంత వెలిసింది, ఎక్కడ దెబ్బ తిన్నది, ఎక్కడ తుప్పు పట్టింది అన్నదే.

రెండోది స్కేల్ లెక్క. దీన్ని చాలామంది పట్టించుకోరు గానీ నా దృష్టిలో సగం పని ఇక్కడే తేలిపోతుంది. హెచ్‌ఓ అంటే 1:87, అంటే మీరు మోడల్‌ని 60 సెంటీమీటర్ల దూరం నుంచి చూస్తే నిజం వ్యాగన్‌ని దాదాపు 52 మీటర్ల దూరం నుంచి చూస్తున్నట్టు. అంత దూరంలో ఏ నలుపూ పూర్తి నలుపుగా ఉండదు, ముదురు బూడిద రంగులా కనిపిస్తుంది, తెల్లదనం కూడా అంతే, కొంచెం మాసినట్టు కనిపిస్తుంది. అందుకే డబ్బాలోని నలుపుని నేరుగా వ్యాగన్ మీద ఎక్కడా పెట్టకండి, బూడిద రంగో బ్రౌనో కలిపి వాడండి. అలాగే మోడల్ మీద 2 మిల్లీమీటర్ల తుప్పు మచ్చ వేశారంటే నిజంలో అది 17 సెంటీమీటర్ల పైమాటే, అంటే అరచేయంత మచ్చ. అరచేయంత మచ్చలు ఒక పక్కనే ముప్పై నలభై ఉన్న వ్యాగన్ స్క్రాప్‌కి పోయే వ్యాగన్ తప్ప రోజూ తిరిగేది కాదు. స్పాంజితో అద్దే పద్ధతి చాలా వీడియోల్లో చూపిస్తారు, చేత్తో పట్టుకు తిప్పే పెద్ద యుద్ధ ట్యాంకు మోడళ్ళకి అది బాగుంటుంది, హెచ్‌ఓ వ్యాగన్‌కి మాత్రం స్పాంజి మచ్చలు ఎక్కువ సార్లు మరీ పెద్దవైపోతాయి, ఎన్ స్కేల్ అయితే చెప్పక్కర్లేదు, 1:160లో ఆ పద్ధతి పూర్తిగా మానేయడం మంచిది.

పెయింట్ ముట్టుకునే ముందు ఫోటోలు చూడండి, నిజం వ్యాగన్ల ఫోటోలు, వేరేవాళ్ళు చేసిన మోడళ్ళవి కాదు. మోడల్ చూసి మోడల్ చేస్తే వాళ్ళు ఎక్కువ చేసినదాన్ని మీరు ఇంకొంచెం ఎక్కువ చేస్తారు. మీ వ్యాగన్ రకానిదే, మీరు నడిపే కాలానిదే ఒక ఫోటో తీసుకుని దాన్ని ముక్కలు ముక్కలుగా చదవండి, ఈ చార ఎక్కడ మొదలైంది, ఈ మూలలోనే తుప్పు ఎందుకుంది, ఈ పలక ఒక్కటే ఎందుకు కొత్తగా ఉంది, ఇలా. ప్రతి మరకకీ ఒక కారణం ఉంటుంది, ఆ కారణం తెలిస్తే చెయ్యి దానంతటదే సరైన చోటికి పోతుంది.

ఇక డీటెయిల్ పార్టులు. ఇవి పెయింట్‌కి ముందే, అందులో అనుమానం లేదు. ఎందుకంటే కొత్తగా పెట్టిన తీగ, ప్లాస్టిక్ ముక్క, జిగురు మరక అన్నిటి మీదా ఒకే రంగు పడాలి, దాని మీదే వయసూ పడాలి.

నా మట్టుకు అన్నిటికన్నా ఎక్కువ తేడా తెచ్చేది అసలు కొత్త పార్టు ఏదీ అవసరం లేని పని, బొగ్గు వ్యాగన్ పై అంచుల్ని పలుచన చేయడం. మోడల్ గోడ మందం ఒక మిల్లీమీటర్ ఉందనుకోండి, నిజంలో అది 87 మిల్లీమీటర్లు, ఇనుప వ్యాగన్‌కి అంత మందం రేకు ఎక్కడుంటుంది, నిజం రేకు కొద్ది మిల్లీమీటర్లే ఉంటుంది. గోడ మొత్తం అరగదీయక్కర్లేదు, లోపలి వైపు నుంచి పై అంచుని ఏటవాలుగా గీకి, సన్న ఎమెరీ కాగితంతో రుద్దితే పైనుంచి చూసినప్పుడు అంచు సన్నగా కనిపిస్తుంది, కంటికి అది చాలు. పై అంచు మీద మామూలుగా గట్టి పట్టీ ఉంటుంది కాబట్టి మీ వ్యాగన్ ఫోటోలో అది ఉందేమో చూసుకుని పట్టీని వదిలేసి దాని కింద భాగాన్నే గీకండి. ఇంకోటి, బొగ్గు వ్యాగన్ల పక్క రేకులు తిన్నగా ఉండవు, లోపల్నించి లోడు, లోడర్ బకెట్ దెబ్బలు పడి పక్క నిలువు పట్టీల మధ్యలో బయటకి ఉబ్బి ఉంటాయి. ప్లాస్టిక్ లోపలి వైపు గీకి పలుచన చేసి, గుండ్రటి మొన ఉన్న పనిముట్టుని కొద్దిగా వేడి చేసి లోపల్నించి నెమ్మదిగా నొక్కితే ఆ ఉబ్బు వస్తుంది. దీనికి ముందు పాత ప్లాస్టిక్ ముక్క మీద చెయ్యి అలవాటు చేసుకోవడం తప్పనిసరి, వేడి కొంచెం ఎక్కువైతే రేకు కరిగి చిల్లు పడుతుంది.

తర్వాత పట్టుకునే కమ్మీలు. చౌక వ్యాగన్ల మీద ఇవి బాడీలోనే అచ్చు పోసేస్తారు, లావుగా, గోడకి అతుక్కుని ఉంటాయి. నిజం కమ్మీ దాదాపు 20 మిల్లీమీటర్ల లావు, హెచ్‌ఓలో అది 0.23 మిల్లీమీటర్లు, అంటే 0.25 లేక 0.3 మిల్లీమీటర్ల ఫాస్ఫర్ బ్రాంజ్ తీగ సరిగ్గా సరిపోతుంది, ఇత్తడి తీగ కన్నా ఇది తొందరగా వంగిపోదు. పాత అచ్చుని పదునైన చిన్న ఉలి బ్లేడుతో చెక్కేసి, చేత్తో తిప్పే పిన్ వైస్‌తో రంధ్రాలు చేసి, తీగని ఒకే కొలతకి వంచుకోవడానికి ప్లాస్టిక్ ముక్కతో చిన్న అచ్చు చేసుకుని, గోడకి తీగకి మధ్య సన్న అట్టముక్క పెట్టి దూరం సమానంగా ఉంచి, వెనకనుంచి సూపర్ గ్లూ ఒక్క చుక్క పెట్టండి. ఒక వ్యాగన్‌కి ఒక సాయంత్రం పడుతుంది, పట్టనివ్వండి, నీడ పడినప్పుడు తెలుస్తుంది దాని విలువ.

కింద బ్రేకు సామాను, అంటే సిలిండర్, గాలి ట్యాంకు, లీవర్లు, రాడ్లు, ఎంతవరకు పెట్టాలన్నది మీ ఇష్టం. పక్కనుంచి చూస్తే కనపడేవి పెట్టండి, వ్యాగన్‌ని తిరగేస్తే తప్ప కనపడనివి పెట్టకపోయినా ఎవరికీ నష్టం లేదు. చేతి బ్రేకు గొలుసు పెట్టేవాళ్ళు ఇంచుకి 40 లంకెలు ఉండే సన్న గొలుసు వాడండి, అంతకన్నా లావైతే లంగరు గొలుసులా ఉంటుంది. పెట్టేముందు ఆ వ్యాగన్‌కి ఆ కాలంలో ఆ సామాను ఉందో లేదో చూసుకోవడం ముఖ్యం. ఉదాహరణకి 1948లో మొదలైన బ్రిటిష్ రైల్వేస్‌లో వాక్యూమ్ బ్రేకు లేని వ్యాగన్లకి గ్రే రంగు, ఉన్నవాటికి బాక్సైట్ అనే ఎర్రటి బ్రౌన్ వేసేవారు, కాబట్టి గ్రే వ్యాగన్ చివర వాక్యూమ్ బ్రేకు హోస్ (గొట్టం) తగిలిస్తే తెలిసినవాళ్ళ కంటికి వెంటనే తప్పు దొరుకుతుంది. అమెరికాలో 1966 నుంచి కొత్త బాక్స్‌కార్ల (మూత వ్యాగన్ల) పైకప్పు మీద నడవడానికి వేసే పలకలు పెట్టడం ఆగిపోయింది, తర్వాత పాతవాటికి కూడా తీసేశారు, అలా తీసేసినవాటిలో చాలావాటికి కప్పు మీద పలక ఆనే బ్రాకెట్లు మిగిలిపోయి కనిపిస్తాయి. మీ మూత వ్యాగన్ అమెరికన్ మోడల్ అయితే పలక తీసేసి ఆ బ్రాకెట్లు వదిలేయడం ఒక్కటే దానికి పదేళ్ళ వయసు తెస్తుంది, పెయింట్ చుక్క పడకముందే.

పార్టులు అయ్యాక గిన్నెలు తోమే సబ్బు నీళ్ళతో కడిగి పూర్తిగా ఆరనివ్వండి, వేలి జిడ్డు మీద ఏ పెయింటూ నిలవదు. చక్రాలు, కప్లర్లు (వ్యాగన్లని కలిపే కొక్కేలు) విప్పి పక్కన పెట్టండి. మొత్తం మీద మాట్ వార్నిష్ ఒక పలుచటి కోటు వేసి ఒక రోజు వదిలేయండి, ఇది కింద అక్షరాల్ని కాపాడుతుంది, పైన వేసేవాటికి పట్టు ఇస్తుంది. కొత్తగా డీకల్స్ (అతికించే అక్షరాలు, గుర్తులు) అతికించేది ఉంటే మాత్రం ఆ చోట ముందు గ్లాస్ (మెరిసే) వార్నిష్, దాని మీద డీకల్, అది పూర్తిగా ఆరాక మాట్. మాట్ మీద నేరుగా అతికిస్తే గరుకు కింద గాలి చిక్కుకుని డీకల్ చుట్టూ వెండి మెరుపులా కనిపిస్తుంది.

ఇప్పుడు వరసలో మొదటిది, రంగు వెలవడం. చాలామంది దీన్ని దాటేసి నేరుగా తుప్పుకి పోతారు, అందుకే వాళ్ళ వ్యాగన్ల మీద తుప్పు కొత్త పెయింట్‌కి అంటించిన స్టిక్కర్‌లా ఉంటుంది. బాడీ రంగుకే తెలుపు గానీ లేత బూడిద గానీ కలిపి నీళ్ళలా పలుచన చేసి, వెడల్పాటి మెత్తని బ్రష్‌తో పైనుంచి కిందకి లాగండి, ఆరాక చూసి ఇంకోసారి. ఎరుపు, బ్రౌన్ వ్యాగన్లయితే ఉత్త తెలుపు వాడకండి, గులాబీ రంగు వచ్చేస్తుంది, లేత ఇసుక రంగు వాడండి. ఎండ పైన ఎక్కువ కాబట్టి కప్పు, పక్కల పై భాగం ఎక్కువ వెలవాలి, అంచుల నీడలో ఉన్న చోట తక్కువ. అక్షరాల మీద కూడా ఇదే వాష్ పోవాలి, నల్లటి బాడీ వెలిసిపోయి తెల్లటి నంబరు మాత్రం మెరిసిపోతుంటే నమ్మబుద్ధి కాదు. పాత తెల్ల పెయింట్ కాలం గడిచేకొద్దీ పొడిలా రాలి వానకి కిందకి జారుతుంది, అక్షరం కింద అంచు నుంచి చాలా సన్నగా తెల్లటి నీడ లాగితే అది వస్తుంది, ప్రతి అక్షరానికీ లాగకండి, రెండు మూడింటికి చాలు.

తుప్పు. ఇక్కడ కాస్త ఎక్కువ చెప్తాను, ఎందుకంటే మీరు ఆరింటికీ ఒకటే తుప్పు రంగు వాడారన్నారు. తుప్పుకి వయసుంటుంది, కొత్త తుప్పు నారింజ రంగులో మెరుస్తుంది, పాతబడేకొద్దీ ముదురు బ్రౌన్ అయి చివరికి నలుపుకి దగ్గరగా, కొంచెం ఊదా ఛాయతో ఉంటుంది. రోజూ తిరిగే వ్యాగన్ మీద ఎక్కువ భాగం పాత ముదురు తుప్పే, నారింజ రంగు దాని మధ్యలో ఎక్కడో ఒక చుక్క. మోడళ్ళలో సాధారణంగా ఇది తిరగబడి ఉంటుంది, నారింజ పౌడర్ కుమ్మేస్తారు, చూసేవాళ్ళకి బొమ్మ అని దూరం నుంచే తెలిసిపోతుంది. ఎక్కడ పడుతుందంటే, నీళ్ళు ఆగే చోట: నిలువు పట్టీ కింది పట్టీని కలిసే మూల, తలుపు నడిచే రైలు పట్టీ, రివెట్ల వరస, వెల్డింగ్ అతుకు, రేకు కింది అంచు. ఇంకా రాపిడి ఉన్న చోట, అంటే తలుపు గడియ, మెట్లు, బొగ్గు పడే పై అంచు. నున్నటి రేకు నడిమధ్యలో ఏ కారణం లేకుండా తుప్పు పట్టదు, దెబ్బ తగిలిన సొట్టో గీతో ఉంటే తప్ప.

దీనికి నా మొదటి ఎంపిక ఆర్టిస్ట్ ఆయిల్ కలర్స్, ట్యూబుల్లో వచ్చేవి. బర్న్‌ట్ అంబర్, బర్న్‌ట్ సియెన్నా, పక్కన పేన్స్ గ్రే, ఈ మూడు ఉంటే చాలు. ముందు ఒక అట్టముక్క మీద పిండి గంట సేపు వదిలేయండి, నూనెని అట్ట పీల్చేసుకుంటుంది, లేకపోతే రోజుల తరబడి ఆరదు, ఆరినా నిగనిగలాడుతుంది. తర్వాత సన్న బ్రష్ మొనతో ముదురు అంబర్ చుక్క చిన్నది పెట్టి, వైట్ స్పిరిట్‌లో (పెయింట్ పలుచన చేసే ద్రావకం) ముంచి దాదాపు పొడిగా తుడిచిన ఇంకో బ్రష్‌తో దాని అంచుల్ని మాత్రం కరిగించండి, మధ్య చుక్క అలాగే ఉండాలి. మర్నాడు ఆ మచ్చ లోపల సియెన్నా కొంచెం. ఆయిల్స్‌లో ఉన్న పెద్ద సుఖం ఏంటంటే నచ్చకపోతే వెంటనే స్పిరిట్‌తో తుడిచేయొచ్చు, కింద యాక్రిలిక్ వార్నిష్ ఉంటే దానికి ఏమీ కాదు. ఎనామెల్ పెయింట్ మీద అయితే ఈ ధైర్యం పనికిరాదు, స్పిరిట్ దాన్ని కూడా కరిగిస్తుంది.

పెచ్చులుగా పెయింట్ ఊడిన వ్యాగన్ కావాలంటే హెయిర్ స్ప్రే పద్ధతి. ముందు బాడీ మొత్తం తుప్పు రంగు వేసి వార్నిష్ కొట్టి ఆరాక హెయిర్ స్ప్రే రెండు కోట్లు, అది ఆరగానే పైన అసలు రంగు యాక్రిలిక్‌లో వేయండి, కొద్దిసేపయ్యాక గోరువెచ్చని నీళ్ళు అద్ది పొట్టి గట్టి బ్రష్‌తో కావలసిన చోట రుద్దితే కింద స్ప్రే కరిగి పెయింట్ పెచ్చులుగా లేస్తుంది. పై రంగు ఎక్కువ రోజులు ఆరితే ఇంక లేవదు, కాబట్టి అదే రోజు పూర్తిచేయాలి. రెడీమేడ్‌గా అక్షరాలు వచ్చిన వ్యాగన్‌కి ఇది కుదరదు, అక్షరాలు పోతాయి, కానీ కప్పుకి మాత్రం బ్రహ్మాండంగా కుదురుతుంది. మీ మూత వ్యాగన్ కప్పు మీద చేసి చూడండి. గాల్వనైజ్డ్ రేకు కప్పుల మీద పెయింట్ సరిగ్గా పట్టదు, పెద్ద పెద్ద పెచ్చులుగా ఊడి కింద మాసిన వెండి బూడిద రంగు బయటపడుతుంది, కాబట్టి అక్కడ కింద వేయాల్సింది తుప్పు రంగు కాదు, ఆ బూడిద. ఇంకా బాగా పాతబడి పైపూత కూడా పోయిన పలకల్లో మాత్రమే తుప్పు, అది కూడా ఒకటో రెండో.

చారలు వేసేటప్పుడు ఒక్కటి గుర్తుంటే చాలు, నీళ్ళు కిందకే పోతాయి. చార మొదలైన చోట ముదురుగా ఉండి కిందకి వచ్చేకొద్దీ పలచబడి మాయమవ్వాలి, ప్రతి చారకీ పైన ఒక మూలం ఉండాలి, ఒక రివెట్టో తుప్పు మచ్చో. వ్యాగన్‌ని నిలబెట్టే వేయండి, పడుకోబెట్టి వేస్తే తెలియకుండా ఏటవాలు వచ్చేస్తుంది. అన్నీ ఒకే పొడవు, ఒకే దూరంలో వేస్తే దువ్వెనతో గీసినట్టు ఉంటుంది.

ఇప్పుడు కింద భాగం, ఇక్కడికి వచ్చాక ఎయిర్‌బ్రష్ మాట. మీరు అడిగారు కాబట్టి సూటిగా చెప్తున్నా, వ్యాగన్ పై భాగమంతా బ్రష్‌తోనే చేయొచ్చు, నేనైతే బ్రష్‌తోనే చేయమంటాను. కింద ఫ్రేమ్ మీద పడే మురికికి మాత్రం ఎయిర్‌బ్రష్ చేసే పని ఇంకేదీ అంత మెత్తగా చేయలేదు, ఎందుకంటే నిజంలో కూడా అది గాల్లో ఎగిరి వచ్చి పడిందే. ఉంటే, బాగా పలుచన చేసిన మట్టి బ్రౌన్‌ని, ఒక బార్ చుట్టుపక్కల ఒత్తిడితో, కింద నుంచి పైకి కొట్టండి, అలా అయితే బాడీ కింది అంచు దగ్గర దానంతటదే పలచబడి ఆగిపోతుంది. కిటికీ తెరిచి, మాస్కు పెట్టుకుని చేయండి, నీళ్ళతో కలిపే పెయింట్ అయినా సరే. లేకపోతే ఫ్రేమ్ అంతా పలుచటి వాష్, దాని మీద పౌడర్, అది కూడా బాగానే వస్తుంది.

రంగు ఏది అన్నది బ్రేకుని బట్టి. పోత ఇనుము బ్రేకు బ్లాకులు అరిగి సన్నటి ఇనుప ధూళి రాలుతుంది, అది తుప్పు పట్టి ఫ్రేమ్, చక్రాలు అంతా వెచ్చటి బ్రౌన్ అయిపోతాయి, అదే కొత్త కాలపు కాంపోజిషన్ (మిశ్రమ పదార్థంతో చేసిన) బ్లాకులయితే మురికి ఎక్కువ బూడిద నలుపు వైపు ఉంటుంది. అలాగే ఇరుసు పెట్టెలు. పాత రకం నూనె బేరింగ్ వ్యాగన్లలో నూనె కారి ఇరుసు పెట్టె మూత కింద, చక్రం ముఖం మీద జిడ్డు నల్లగా పేరుకుంటుంది, దాని మీద దుమ్ము అంటుకుని ఉంటుంది, అక్కడ తుప్పు కనపడదు. రోలర్ బేరింగ్ వ్యాగన్లలో గ్రీజు లోపలే సీలై ఉంటుంది కాబట్టి చక్రం ముఖం పొడిగా తుప్పు బ్రౌన్‌లో ఉంటుంది. ఈ ఒక్క తేడా పాటిస్తే వ్యాగన్ ఏ కాలానిదో చక్రాలు చూసి చెప్పొచ్చు. జిడ్డు చోట్లకి చివర్లో సెమీ గ్లాస్ వార్నిష్ చిన్న చుక్క అద్దండి, మిగతా అంతా మాట్‌గా ఉన్నప్పుడు ఆ తడి మెరుపు నిజంగా నూనెలాగే ఉంటుంది.

వ్యాగన్ రెండు చివర్ల గోడలు మర్చిపోకండి, అన్నిటికన్నా ఎక్కువ మంది వదిలేసేది ఇదే. వానలో పక్క వ్యాగన్ చక్రాలు నీళ్ళనీ మట్టినీ పైకి చిమ్ముతాయి, అది చివరి గోడ మీద పట్టాలకి సరిగ్గా ఎదురుగా రెండు నిలువు పట్టీల్లా పడుతుంది. మధ్యలో ఒక అట్టముక్క అడ్డం పెట్టి ఇటూ అటూ పలుచగా మట్టి రంగు వేస్తే వచ్చేస్తుంది, ఎంత పైకి పోవాలన్నది మీ ఫోటోని బట్టి.

చక్రాల బోగీ ఫ్రేములు కొన్ని మోడళ్ళలో జారుడు గుణం ఉన్న ఎసిటాల్ ప్లాస్టిక్‌తో వస్తాయి, దాని మీద పెయింట్ గోకితే ఊడిపోతుంది, ప్లాస్టిక్‌లకి అంటే ప్రైమర్ ముందు వేయండి. ఇరుసు మొనలు కూర్చునే గుంటల్లో మాత్రం పెయింట్ గానీ పౌడర్ గానీ అస్సలు పడకూడదు, పడితే బండి ఈడ్చుకుంటూ పోతుంది.

అన్నిటికన్నా చివర పౌడర్. మీకు ఎందుకు మాయమైందంటే, పౌడర్ కనపడేది దాని పొడి రేణువుల మీద వెలుతురు చెదిరిపోవడం వల్ల, వార్నిష్ ఆ రేణువుల్ని తడిపి మధ్య ఖాళీల్ని నింపేస్తే ఆ చెదరడం తగ్గి కింద రంగు బయటికి కనిపిస్తుంది, కొంత స్ప్రే గాలికి ఎగిరిపోయేదీ ఉంటుంది. దీనికి మూడు దారులున్నాయి. ఒకటి, వార్నిష్ ముందే కొట్టి, దాని గరుకు మీద పౌడర్ రుద్ది, ఇంక ముట్టుకోకుండా వదిలేయడం, వ్యాగన్‌ని పక్కలు పట్టుకోకుండా కింద నుంచి ఎత్తే అలవాటు ఉంటే ఇదే అన్నిటికన్నా బాగా కనిపిస్తుంది, నేను కప్పులకీ ఫ్రేములకీ ఇదే చేస్తాను. రెండు, పౌడర్ వేసిన చోట పక్కనుంచి బ్రష్‌తో ఐసోప్రొపైల్ ఆల్కహాల్ గానీ వైట్ స్పిరిట్ గానీ ఒక చుక్క తాకిస్తే అదే పాకి పౌడర్‌ని కూర్చోబెడుతుంది, చేత్తో ఎక్కువ ముట్టుకునే చోట్లకి ఇది మంచిది. మూడు, స్ప్రేనే కొట్టాలంటే చాలా దూరం నుంచి పొగమంచులా రెండు మూడు సార్లు, పౌడర్ కావలసినదానికన్నా కొంచెం ఎక్కువ వేసి. కొన్ని లక్క రకం డల్ వార్నిష్‌ల మీద ఐసోప్రొపైల్ పడితే తెల్లగా పాలిపోతుంది, భయపడకండి, అదే వార్నిష్ ఇంకో పలుచటి కోటు వేస్తే ఆ తెలుపు చాలావరకు పోతుంది, వెలిసిన కప్పు కావాలని ఆ తెలుపుని అలాగే వాడుకునేవాళ్ళూ ఉన్నారు. పౌడర్ గాల్లో ఎగురుతుంది కాబట్టి ఊదకండి, పీల్చకండి, కొట్టినప్పుడు మాస్కు.

ఇప్పుడు మీ ఆరు వ్యాగన్ల సంగతి. నాలుగు బొగ్గు వ్యాగన్లనీ మూడు వయసులుగా పెట్టుకోండి: ఒకటి ఈమధ్యే పెయింట్ అయి వచ్చింది, దాని మీద కింద దుమ్ము, చివర్ల చిమ్మిన మట్టి తప్ప ఇంకేం వద్దు, రెండు మధ్యరకం, ఒకటి బాగా ముసలిది. ఇలా ఒక కొత్తది పక్కన ఉంటేనే ముసలిది ముసలిదిగా కనిపిస్తుంది, అన్నీ ముసలివే అయితే కంటికి పోల్చుకోవడానికి ఏమీ ఉండదు. మధ్యరకంలో ఒకదానికి ఒక పలక గానీ నంబరు వెనక ఒక చదరం గానీ కొత్త పెయింట్‌తో వదిలేయండి, రిపేరుకి పోయి వచ్చినట్టు, బాడీ రంగుకి కొంచెం తేడా ఛాయలో. లోపలి వైపు కూడా చేయాలి, బొగ్గు వ్యాగన్ లోపల పెయింట్ ఎక్కువ కాలం మిగలదు, పడే బొగ్గు గీకేస్తుంది, నేలా కింది గోడలూ రాపిడికి ముదురు ఇనుము రంగులో నున్నగా ఉంటాయి, పై భాగంలో తుప్పు, మూలల్లో నల్లటి బొగ్గు పొడి. ఖాళీగా వానలో నిలబడిన వ్యాగన్‌కైతే ఆ నున్నటి చోట్ల కూడా లేత నారింజ తుప్పు పొర పడుతుంది, అలాంటిది ఒకటి చేయండి. గ్రాఫైట్ పొడిని వేలితో రుద్దితే ఇనుప మెరుపు వస్తుంది.

ట్యాంకర్‌కి ముందు అది ఏం మోస్తుందో నిర్ణయించుకోండి, మరక అంతా దాన్నుంచే వస్తుంది. నూనె ట్యాంకర్ అయితే పైన మూత దగ్గర్నుంచి రెండు పక్కలా నల్లటి చార వంపు వెంబడే దిగుతుంది, కొత్తగా పడినది మెరుస్తుంది, పాతది దుమ్ము పట్టి మాట్‌గా ఉంటుంది, రెండూ కలిపి వేస్తే అద్భుతంగా వస్తుంది. సిమెంటు మోసేది అయితే చార లేత బూడిదగా, గట్టిపడి, అసలు మెరుపు లేకుండా. నంబర్లు, హెచ్చరిక గుర్తులు కనపడేలా తుడుస్తూ ఉంటారు కాబట్టి వాటి చుట్టూ చేత్తో తుడిచినంత మేర శుభ్రంగా వదిలేయండి.

ఉన్న బురదని తీయాలంటే పై వార్నిష్ యాక్రిలిక్ అయితే ఐసోప్రొపైల్ అద్దిన దూది పుల్లతో ముందు కింద పక్క కనపడని చోట చూసి, ఫ్యాక్టరీ రంగు రావడం లేదని నిర్ధారించుకుని అప్పుడు పక్కలకి రండి. అక్షరాల దగ్గర రుద్దకండి, దొర్లించండి. అన్నిటినీ తీయక్కర్లేదు, ఇప్పుడున్న నాలుగు బొగ్గు వ్యాగన్లలో ఎక్కువ బురద ఉన్నదాన్ని అలాగే ఉంచి, దాని మీదే ఆయిల్స్‌తో తుప్పు, చారలు చేసి ముసలిదాన్ని తయారుచేయండి. మిగతా మూడింటినీ శుభ్రం చేసి మొదటి నుంచి. ఒక్కొక్కటి పూర్తి చేస్తూ పోకుండా మూడూ పక్కపక్కన పెట్టుకుని ఒక్కో దశ అన్నిటికీ చేస్తే తేడాలు చేతికి అందుబాటులో ఉంటాయి. పనిచేసే దీపం కూడా లేఅవుట్ (మోడల్ పట్టాలు వేసిన బల్ల) మీద ఉన్న రకానిదే వాడండి, తెల్లటి ఎల్‌ఈడీ కింద సరిగ్గా ఉన్న తుప్పు పసుపు దీపం కింద మండిపోతున్నట్టు కనిపిస్తుంది.

పట్టాల మీద పెట్టే ముందు మూడు పనులు. చక్రాల ముఖాలకి పెయింట్ వేసినా పట్టాన్ని తాకే అంచు, లోపలి ఫ్లాంజ్ (చక్రం పట్టా దిగకుండా ఆపే అంచు) మెరిసే లోహంగానే ఉండాలి, నిజంలోనూ అంతే, మోడల్‌లో అయితే అక్కడి పెయింట్ లేఅవుట్ అంతా మురికి పూసుకుంటూ పోతుంది కూడా. కప్లర్‌కి బయటవైపు పలుచటి తుప్పు రంగు సరిపోతుంది, కదిలే కీలులోకి పెయింట్ పోనివ్వకండి, బిగుసుకుంటే గ్రాఫైట్ పొడి కొంచెం. ఇక బరువు, డీటెయిల్స్ పెట్టాక మళ్ళీ తూచండి. ఎన్‌ఎమ్‌ఆర్‌ఏ (అమెరికాలోని మోడల్ రైలు సంఘం) సిఫార్సు హెచ్‌ఓకి ఒక ఔన్సు, దాని మీద వ్యాగన్ పొడవు ప్రతి ఇంచుకీ అర ఔన్సు, అంటే 6 ఇంచుల వ్యాగన్‌కి 4 ఔన్సులు, దాదాపు 113 గ్రాములు. బొగ్గు వ్యాగన్లు ఖాళీగా నడపాలంటే బరువు పెట్టడానికి చోటు ఉండదు, కింద ఫ్రేమ్ సందుల్లో సీసం రేకు ముక్కలు అతికించి నల్లటి వాష్ వేసేస్తే కనపడదు. సీసం కోశాక చేతులు కడుక్కోండి. ముందు ముసలి వ్యాగన్ ఒక పక్క పూర్తి చేసి, పూర్తిగా పగటి వెలుతురులో ఫోన్‌తో ఫోటో తీసి మీ దగ్గరున్న నిజం వ్యాగన్ ఫోటో పక్కన పెట్టి చూడండి, కంటికి తప్పిపోయిన పెద్ద మచ్చలు ఫోటోలో వెంటనే దొరుకుతాయి, ఆయిల్ ఇంకా తడిగా ఉంటే అప్పుడే తుడిచేయొచ్చు. రెండో పక్క ఆ తర్వాత మొదలుపెట్టండి.